ఇత్తడి గడ్డంతో పెళ్ళిచూపులు

డిట్రాయిట్ దగ్గర కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు నిద్ర తప్ప వేరే కోరికంటూ ఉండేది కాదు. కంపెనీ కొత్త కారు మోడల్ బయటికి తెచ్చే సీజన్. పగలంతా ఆఫీసులో డ్రాయింగులు, సాయంత్రమైతే ప్లాంట్‌లో డ్యూటీ, ఈ రెండింటి మధ్య హెచ్-1బి వీసా ఎక్స్‌టెన్షన్ దిగులు. నా యవ్వనంలో సగం ఆవులింతలు ఆపుకోవడంలోనే గడిచిపోయింది. అమ్మ కాకినాడ నుంచి చూసిన రెండు సంబంధాల వాళ్ళూ వీడియో కాల్‌లో నన్ను చూసి ఒకే మాట అన్నారట, "అబ్బాయి బాగానే ఉన్నాడు గానీ మరీ నీరసంగా ఉన్నాడండీ" అని. మూడో సంబంధం దూరాన షాంటిలీ అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్న అమ్మాయి. ఫోటో చూసిన రోజే నాకు తెగ నచ్చేసింది. మా పక్కనే ఉన్న ట్రాయ్‌లో బంధువుల ఇంటికి వస్తున్నామనీ, ఆదివారం మా తెలుగు చర్చిలోనే నన్ను చూసి, మధ్యాహ్నం ఫ్లైట్‌కి వెళ్ళిపోతామనీ వాళ్ళ నాన్నగారు కబురు చేశారు. "ఈసారైనా కాస్త హుషారుగా కనపడు నాన్నా. శుభ్రంగా ముఖం కడుక్కుని వెళ్ళు" అంది అమ్మ. కడుక్కున్నాను. (ఆ ముఖాన్ని ఎవరైనా చూస్తే గదా!)

సరిగ్గా ఆ ఆదివారమే సండే స్కూల్ ప్రోగ్రాం. బైబిల్లో ఒక రాజుగారికి కలలో కనిపించిన నాలుగు రాజ్యాలు, అంటే బంగారం, వెండి, ఇత్తడి, ఇనుము, ఒక్కొక్కటిగా స్టేజీ మీదికి రావాలి. నాకు ఇత్తడి పడింది, అంటే గ్రీసు. మిగతా రాజ్యాలు దుప్పట్లతో, అట్ట కిరీటాలతో సరిపెట్టుకున్నాయి. నా రాజ్యం మాత్రం మా చర్చిలో అందరూ డోర్ అన్న అని పిలిచే ఆయన చేతిలో పడింది. ఆయన ఉద్యోగం కార్ల తలుపులు డిజైన్ చేయడం, సెలవు దొరికితే మ్యూజియంలో పాత గ్రీకు కవచాల ముందు నిలబడిపోవడం. "అలెగ్జాండర్ పోయినంక, ఆయన సేనాపతుల టైంల హెల్మెట్ల పనితనమే వేరు తమ్మీ! చెంపరేకుల మీద గడ్డం, మీసాలు గూడ చెక్కేటోళ్ళు. మనం గూడ చేద్దాం" అన్నాడు. చేశాడు కూడా. పాత బెడ్‌షీట్లు పొరలు పొరలుగా జిగురుతో అంటించి కవచం తయారు చేశాడు (అప్పట్లో వాళ్ళూ గుడ్డతోనే చేసుకునేవారట). అది ఆరాక చెక్కలా బిగుసుకుపోయింది. తొడుక్కుంటే నిలబడ్డమే గానీ కూర్చోవడం లేదు. ఇక ఇత్తడి రేకు హెల్మెట్‌కి కొస ముందుకు వంగి ఉంది. రెండు చెంపరేకులూ కలిస్తే ఉంగరాల గడ్డం, మెలితిరిగిన మీసం. బయటికి కనిపించేవి నా కళ్ళూ, నోటి దగ్గర చిన్న సందూ.

అసలు గ్రీకులు ఆ రేకుల్ని గడ్డం కింద తాడుతో కట్టుకునేవారట. డోర్ అన్నకి తాడు నచ్చలేదు. "గలగల సౌండ్ వస్తది తమ్మీ, క్వాలిటీ ఉండదు" అంటూ కారు తలుపు లోపలి ప్యానెల్‌ని పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పులు బిగించాడు. వాటిని నొక్కితే టక్కున పడతాయి, తీయాలంటే కొస చీలిన ప్రత్యేకమైన పనిముట్టు కావాలి. గ్రీకు సైన్యానికి లేని ఈ సదుపాయం నాకు దక్కింది.

నా రాజ్యం వచ్చింది, చప్పట్లు కొట్టించుకుంది, పోయింది. పక్క గదిలోకి రాగానే డోర్ అన్న జేబులు తడుముకుని, "అరె, టూల్ ఇంట్ల మర్చిపోయిన. ఇప్పుడే పోయొస్తా" అన్నాడు. ఆయన ఇల్లు అరగంట దూరంలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో. బయట మంచు కురుస్తోంది. ఈలోగా స్పూన్లతో, కారు తాళాలతో అందరూ తలో చెయ్యీ వేశారు. నా చెవి గీరుకుపోయింది గానీ క్లిప్పు కదల్లేదు. చివరికి పాస్టరు గారు ప్రార్థన చేద్దామన్నారు. మూడో సంబంధమూ పోయిందని నాకు అర్థమై నిజంగానే ఏడుపొచ్చింది.

భోజనాల దగ్గర అమ్మాయి వాళ్ళే నా దగ్గరికి వచ్చారు. వాళ్ళ నాన్నగారు నా మీసాన్నీ, కొసనీ, బెడ్‌షీట్ పూలు కనిపిస్తున్న కవచాన్నీ పరీక్షగా చూసి, "అబ్బాయి ముఖం ఎప్పుడు చూపిస్తారండీ?" అని పాస్టరు గారిని అడిగారు. "డోర్ అన్న రాగానే" అన్నాను నేను లోపలి నుంచి. అందరికీ బిర్యానీ వడ్డిస్తున్నారు. ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంటూ వెళ్ళి, కూల్‌డ్రింక్‌లో స్ట్రా వేసి తెచ్చి నోటి సందులోంచి అందించింది.

"మీరు సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్ళయిందండీ?" అని మెల్లగా అడిగింది.

హుషారుగా కనపడమన్న అమ్మ మాట గుర్తొచ్చింది. కానీ అబద్ధమాడే ఓపిక కూడా లేదు. "కొత్త కారు లాంచ్ మొదలైనప్పటి నుంచీ లేదండీ" అన్నాను. డోర్ అన్న ఇంకా దారిలో ఉండగానే వాళ్ళకి ఫ్లైట్ టైమైంది, వెళ్ళిపోయారు. మర్నాడు అమ్మ ఫోన్ చేసి, "అమ్మాయికి ఇష్టమేనటరా! ఏం చేశావు?" అంది. ఏమీ చేయలేదన్నాను.

మొన్న గరాజ్ సర్దుతుంటే ఆ హెల్మెట్ బయటపడింది. పెట్టుకుందామని చూస్తే కళ్ళజోడు అడ్డం. అది తీసి పక్కన పెట్టి, తల దూర్చి (రేకులు మూయలేదు, ఆ మాత్రం బుద్ధి వచ్చింది) మా ఆవిడ ముందు నిలబడ్డాను. ఇన్నేళ్ళుగా అడగనిది అప్పుడడిగాను.

"అసలు ఆ రోజు ఏం చూసి ఒప్పుకున్నావు?"

"ఏం కనిపించిందని? కళ్ళే. ఎర్రగా, నిద్రకి మొహం వాచినట్టు. పాపం అనిపించింది. ఈయన్ని ఎవరైనా కాస్త పడుకోనిస్తే బావుండునని అనుకున్నాను" అంది. తర్వాత నా కళ్ళలోకి ఓసారి చూసింది. "ఇప్పటికీ అలాగే ఉన్నాయి. అది తీసేసి వెళ్ళి పడుకోండి. గరాజ్ నేను సర్దుతాలే."