లచ్చయ్య కాక బూటు లేసులు కోసేశారు

హుజూరాబాద్‌లో మా గోదాం గేటు దగ్గర ఈ సాయంత్రం లచ్చయ్య కాక బూటు లేసులను కట్టర్‌తో కోసేశారు. డ్యూటీ దిగిన ప్రతి కూలీ లేసులు విప్పి, బూట్లలో ఏమీ దాచలేదని చూపించాలట. కాక ముప్పై ఏళ్లు మరమగ్గం నడిపిన మనిషి, ఇప్పుడు వేళ్లు సరిగా వంగవు. ముడి బిగుసుకుపోయింది.

“జర ఆగు బిడ్డా, ఇప్పుతున్న” అన్నాడు.

“నువ్విప్పేసరికి తెల్లారుతది తాతా!” అని సూపర్‌వైజర్ నవ్వుతూ, అట్టపెట్టెలు కోసే కట్టర్ తీసి రెండు లేసులూ కోశాడు. బూట్లలో ఏమీ లేదు.

“ముడే గద సారూ, ఇప్పుతుంటి గద” అంటూ కాక ముక్కలు ఏరుకున్నాడు.

“రేపు లేసుల్లేకుంట వస్తే లోపలికి రానియ్య” అన్నాడు మళ్లీ ఆ సారే!

విప్పడం మాకు చేతగాదా? పోగు చిక్కుపడితే గంటసేపైనా కూర్చుని విప్పుతాం. సద్ది మూట విప్పుతాం, బర్రె పలుపు విప్పుతాం. తలవంచుకుని విప్పేది ఈ గేటు దగ్గరే. అక్కడున్న ఇరవై మందిమి ఒక్కరమూ నోరు విప్పలేదు, నాతో సహా. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నా. మీ పనిచోట కూడా ఇంతేనా? కింద రాయండి.

మేనేజర్ గారూ, మీ బూట్లు ఎవరైనా ఒక్కరోజు విప్పించారా? రేపటి నుంచి మీరూ విప్పండి, లేదా మాకూ ఆపండి. సూపర్‌వైజర్ కొత్త లేసులు తెచ్చి, కాకకు అందరి ముందు తప్పయిందని చెప్పాలి. పొద్దున ఎనిమిది లోపు జవాబు రాకపోతే కాక ఒక్కడే కాదు, ఎవరమూ లోపలికి రాము.