మా వదిన రోడ్డు దిగిన రోజు

మా వదిన జెరోటిచ్ మారథాన్ పరుగెత్తుతుండగా చూసినవాళ్ళు దేశదేశాల్లో ఉన్నారు. ఆవిడ మారథాన్ పూర్తి చెయ్యగా చూసినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. ఆవిడ పనే అలాంటిది. పెద్ద పరుగుల్లో అందరికంటే ముందుండి, వెనక వాళ్ళకి ఎదురుగాలి తగలకుండా, వేగం సడలకుండా లాక్కుపోవాలి. నలభై రెండు కిలోమీటర్లలో ముప్పయ్యోది రాగానే రోడ్డు దిగి పక్కకి తప్పుకోవాలి. మా కొండమీది ఊరు ఇటెన్‌లో ఈ పని చేసేవాళ్ళని కుందేళ్ళంటారు. వెనక వచ్చినవాళ్ళు గెలిచి మెడలో ఆకుదండలతో ఊళ్ళోకి దిగుతారు. కుందేలు ఎప్పుడు దిగిందో ఎవరూ చూడరు.

పదేళ్ళకి పైగా అదే పని. నాకు ఒళ్ళు మండేది. మెయిన్ రోడ్డు మీద నాదొక టీ హోటలు, నా నోరు కాస్త పెద్దదని ఊరంతటికీ తెలుసు. "నీ వీపు చూసుకుంటూ పరుగెత్తినవాళ్ళంతా మేడలు కట్టారు వదినా, నీకు వీపొక్కటే మిగిలింది" అని దెప్పేదాన్ని. ఆవిడ నవ్వి "ఇంకో కప్పు పొయ్యి జెబెట్" అనేది. కానీ లోపల ఆశ లేకపోలేదు. కిందటేడాది ఎట్టకేలకి నోరు తెరిచి, తనని పరుగులకి పంపే ఏజెంటుని అడిగింది, ఈసారి కుందేలుగా కాదు, చివరిదాకా పరుగెత్తడానికి పంపమని. అతను హాలండులో ఒక ఊరి పరుగులో పేరు రాయించాడు. అక్టోబరులో. ముప్పై నాలుగేళ్ళ మనిషికి, ఇద్దరు పిల్లల తల్లికి, ఆ అవకాశం మళ్ళీ వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఆవిడా అనుకోలేదు.

సెప్టెంబరులో ఒక పొద్దున పరుగు నుంచి వచ్చి నిలబడే టీ తాగింది. కూర్చోమంటే కూర్చోదు. చూద్దును కదా, బరువంతా ఎడమ కాలి మీదే ఉంది, కుడికాలు కొంగలా ఎత్తి పెట్టుకుంది. ఏమిటంటే రాయి గుచ్చుకుందంది. మర్నాడూ రాయే. ఆ మర్నాడూ రాయే. మా ఎర్రమట్టి రోడ్డు మీద రాళ్ళకి కొదవ లేదు గానీ, రోజూ వెతుక్కుంటూ వచ్చి ఒకే చోట గుచ్చుకునే రాయిని నేనెక్కడా చూడలేదు.

నొప్పని ఆవిడ అనదు. మావాళ్ళెవరూ అనరు. మా మగపిల్లలకి ఈడొచ్చాక సున్తీ చేసేటప్పుడు మొహానికి తడిమట్టి పూసి ఆరబెడతారు. కత్తి పడ్డప్పుడు రెప్ప వణికితే చాలు, మట్టి పగులుతుంది. పగిలిందా, వాడు జన్మంతా పిరికివాడే. ఆడవాళ్ళకి ఆ మట్టి పూయరు, కానీ పూసినట్టే పెరుగుతాం. నేను ఇద్దరు పిల్లల్ని కన్నప్పుడు పక్కింటికి వినపడలేదని మా అమ్మ ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది.

కాబట్టి వదిన పంటి బిగువున పరుగెడుతూనే ఉంది. మా అన్న కిమయో రాత్రిళ్ళు ఉప్పునీళ్ళతో కాపడం పెట్టాడు. ఒకరు కొవ్వుతో రుద్దమన్నారు, ఒకరు వేడిరాయి పెట్టమన్నారు. రుద్దిన కొద్దీ ఎక్కువైంది. చివరికి శిక్షణ ఇచ్చే చెబీ మాస్టారి కంటపడింది. ఆయన పాత సైనికుడు, మాటలు తక్కువ. ఆవిడ బూటు విప్పించి పాదం మీద, మడమకి ముందు, ఒక ఎముక మీద బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కాడు. వదిన మొహంలో చలనం లేదు, ఆరిన మట్టే.

"నీ మొహాన్నడిగితే అబద్ధం చెబుతుంది. కాలినే అడుగుదాం. కుడికాలి మీద గెంతు" అన్నాడాయన.

ఒకసారి గెంతింది. రెండోసారి గెంతుదామని మోకాలు వంచి, అలాగే నేల మీద కూర్చుండిపోయింది.  మాస్టారు ఎల్డొరెట్ పెద్దాసుపత్రికి వెళ్ళి ఎక్స్‌రే తీయించుకోమన్నాడు.

తోడు నేనే వెళ్ళాను. డాక్టరమ్మ చిన్నపిల్ల, మెత్తటి మనిషి. ఫిల్ముని వెలుతురుకి పెట్టి ఏమీ కనపడటం లేదంది. హమ్మయ్య అని నేను పైకే అనేశాను. ఆవిడ నన్ను ఆగమంది. వెంట్రుకంత పగులైతే మొదట్లో ఫిల్ముకి అందదట, కొన్ని వారాలు పోయి ఎముక మానడం మొదలుపెట్టాక తెల్లగా తేలుతుందట. ఇప్పుడే తేల్చగల పెద్ద మిషనుంది గానీ, దానికి వరస వచ్చేసరికి హాలండు పరుగు అయిపోతుంది.

"అంటే ఉందా, లేదా?" అని వదిన అడిగింది.

"ఉండొచ్చు. నొప్పి ఉన్న చోటుని బట్టి నాకు అనుమానంగానే ఉంది. ఉండి పరుగెత్తారంటే పూర్తిగా విరుగుతుంది. అక్కడ ఎముకకి రక్తం తక్కువమ్మా, ఒక పట్టాన అతకదు. మేకు వెయ్యాలి. ఆ తర్వాత పరుగు సంగతి నేను చెప్పలేను."

"పగులు లేకుండానే పరుగు మానేశాననుకోండి?"

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. 

ఆ ఫిల్ము ఇటెన్‌లో ఊరేగినట్టు పెళ్ళికూతురు కూడా ఊరేగి ఉండదు. మా అన్న దాన్ని చంకన పెట్టుకుని తిరిగాడు. ఎండకి ఎత్తి చూడనివాడు లేడు. నా హోటల్లో మూల బల్ల వదలని యానో తాత దాన్ని తలకిందులుగా పట్టుకుని చూసి, ఎముకలు ఆవు పళ్ళలా బ్రహ్మాండంగా ఉన్నాయని తేల్చాడు. పగులు లేదని ఊరు తీర్పిచ్చేసింది. నేనూ ఆ తీర్పులోనే ఉన్నాను. కళ్ళ ముందు శుభ్రమైన ఫిల్ము ఉంటే, కనపడని పగులుకి ఎవరు భయపడతారు?

వదిన ఒక్కతే ఆ తీర్పులో లేదు. నాలుగైదు రోజులు పరుగుకి వెళ్ళలేదు. తర్వాత ఒక సాయంత్రం, హోటలు నిండా జనం ఉండగా వచ్చి, బల్ల ముందు కూర్చుని ఏజెంటుకి ఫోను చేసింది. అందరికీ వినపడేటట్టే మాట్లాడింది. రావడం లేదంది. ఎందుకని అతను అడిగి ఉంటాడు.

"కాలు నొప్పి" అంది.

 ఈ రోడ్డు మీద పరుగెత్తే మనిషి నలుగురిలో కూర్చుని ఆ మాట అనగా నేను వినడం అదే మొదలు. అవతల అతను ఇంకా ఏదో చెబుతుంటే విని, సరే అని, ఫోను పెట్టేసింది.

యానో తాత మూల నుంచి గొంతు సవరించుకున్నాడు. "మట్టి పగిలిందర్రా" అన్నాడు. కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు.

వదిన ఆయన వైపు తిరిగింది. కోపం లేదు. "మట్టి పగిలితే మీరు నాలుగు రోజులు నవ్వుకుంటారు తాతా, తర్వాత మర్చిపోతారు. ఎముక పగిలితే మోసేది నేను. నవ్వుకోండి, నాకేం కాదు."

 మా అన్న మాత్రం ఊరుకోలేదు. ఆవిడ్ని వెనక వంటింట్లోకి పిలిచి, ఉందో లేదో తెలియని దాని కోసం నోటికాడ కూడు నేలపాలు చేస్తావా అని గొడవపడ్డాడు. అతని బాధ అతనిది, భార్య గెలిచి వస్తే చూడాలని పదేళ్ళు మటాటు వ్యాను నడుపుతూ కలలు కన్నాడు. వదిన పొయ్యి పక్కన బోర్లించిన డబ్బా మీద కూర్చుని అంతా విన్నది.

"ముప్పై దగ్గర దిగిపోవడం ఎంత కష్టమో నీకు తెలుసా?" అంది. "కాళ్ళు బాగుంటాయి, ఊపిరి బాగుంటుంది. ఇంకొంచెం పోతే గెలుస్తానేమో అనిపిస్తుంది. అయినా మాటిచ్చాం కాబట్టి దిగాలి. ఇన్నేళ్ళూ పరాయివాళ్ళ గెలుపు కోసం దిగాను. ఒక్కసారి నా కాలి కోసం దిగకూడదా?"

అప్పుడు ఏడ్చింది. శబ్దం లేకుండా కాదు, బయటికి వినపడేలాగే ఏడ్చింది. మా అన్న ఆవిడ పక్కన నేల మీద కూలబడ్డాడు. నేను సుకుమా ఆకుకూర మాడిపోతున్నా చూసుకోలేదు.

ఆ తర్వాతి వారాలు ఆవిడ కాలికి గట్టి బూటు వేసుకుని నా హోటల్లోనే ఉంది, చపాతీలు ఒత్తేది, కూర తరిగేది. పొద్దున్నే పరుగు గుంపు హోటలు ముందు నుంచి పోతుంటే తలెత్తేది కాదు. హాలండు పరుగు రోజు నేను ఫోనులో చూశాను. గెలిచిన పిల్ల ఎవరో గానీ, మా వదిన ముప్పైదాకా లాక్కెళ్ళే వేగం కూడా లేదు దానికి. ఆ మాట చెబితే ఆవిడ పిండి కలుపుతూ, ఆ పిల్ల చివరిదాకా ఉంది కదా జెబెట్ అంది.

నవంబరుకి నొప్పి పోయింది. అప్పుడు నాకు పట్టుదల వచ్చింది. పగులు నిజంగా ఉండి ఉంటే ఈపాటికి మానిన మచ్చ తెల్లగా తేలుతుందన్నారు కదా. రెండో ఫిల్ము తీయించి యానో తాత మొహాన కొట్టాలని నా ఆరాటం. పోరి పోరి ఎల్డొరెట్ తీసుకెళ్ళాను. డాక్టరమ్మ పాదం నొక్కింది, గెంతించింది, నొప్పి లేదు కాబట్టి మెల్లగా మొదలుపెట్టొచ్చంది. ఫిల్ము కావాలంటే తీయించుకోండి, అవసరమైతే లేదంది. నేను కావాలన్నాను. ఎక్స్‌రే గది బయట బెంచీ మీద కూర్చున్నాం. వదిన పేరు పిలిచారు. ఆవిడ లేచి, తిన్నగా గేటు వైపు నడిచింది.

"ఎక్కడికి వదినా? అటు కాదు" అన్నాను.

"ఆకలేస్తోంది. పద."

మటాటులో కూర్చున్నాక నేను తిట్టడం మొదలుపెట్టాను. ఇంత దూరం వచ్చి, ఊళ్ళో అందరి నోళ్ళూ మూయించే అవకాశం చేతులారా వదులుకున్నావని. ఆవిడ కిటికీలోంచి చూస్తూ కాసేపు తిట్టనిచ్చింది.

"జెబెట్, పగులు లేదని తేలిందనుకో. ఆ రోజు నేను చేసింది తప్పయిపోతుందా?"

నేను ఆలోచించాను. "అవదు" అన్నాను.

"మరి ఉందని తేలితేనే ఒప్పు ఎందుకవ్వాలి?"

ఇటెన్ కొండెక్కేదాకా నేను ఆవిడకి భుజం ఆనించి కూర్చున్నాను. ఆ మనిషి పక్కన కూర్చున్నందుకే నాకు గర్వంగా అనిపించింది.

ఆవిడ కాలిలో ఆ పగులు ఉండేదో లేదో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు. యానో తాత అడిగితే తెలియదనే చెబుతుంది. జనవరిలో ఏజెంటు ఫోను చేసి ఒక పరుగులో కుందేలు పని ఉందన్నాడు. చివరిదాకా అయితేనే వస్తానంది. చూస్తానని అతను పెట్టేశాడు. మళ్ళీ ఫోను రాలేదు. ఆవిడ మాత్రం తెల్లారకుండానే బూట్ల తాళ్ళు కట్టుకుని, నా హోటలు ముందు నుంచి రెండు కాళ్ళ మీదా పరుగెత్తుకుంటూ పోతుంది.