కింది వాళ్ళ సీలింగ్

ఉదయం ఏడుంబావుకు కింది ఫ్లాట్ ఆవిడ మా తలుపు కొట్టింది. లోపలికి రమ్మంటే రాలేదు. వాళ్ళ పడకగది సీలింగ్ మీద తడి మచ్చ పడిందని, మొదట్లో అరచేయంత ఉండేదని, ఇప్పుడు ఫ్యాన్ కొక్కెం దగ్గరికి వచ్చిందని చెప్పింది.

"కొట్లాటకు రాలే అక్కా. జర వచ్చి సూడుర్రి," అంది.

అపార్ట్‌మెంట్లలో పై వాళ్ళకీ కింది వాళ్ళకీ మాటలు చెడేది ఎక్కువగా నీళ్ళ దగ్గరే. ఆ సంగతి తెలిసే ఆవిడ ముందుగా ఆ మాట అని ఉంటుంది. చెప్పులు వేసుకుని ఆవిడ వెనకే దిగాను.

అప్పటికి అన్నయ్య పోయి నాలుగు నెలలు కావస్తోంది. మేమిద్దరం పెళ్ళిళ్ళు చేసుకోలేదు. అమ్మానాన్నలు ఉండగా వాళ్ళతో, తర్వాత మేమిద్దరమే, అమీర్‌పేటలోని ఈ ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. ఇంటి పనులు పంచుకున్నదేమీ లేదు. వంట నాది, రిపేర్లు ఆయనవి అని దానంతట అదే స్థిరపడింది. కుళాయి వాషర్లు, ఫ్లష్ ట్యాంకులో బంతి, వదులైన తలుపు బందులు, కాలిపోయిన ప్లగ్గులు ఆయన చేసేవాడు. కొన్ని ముట్టుకునేవాడు కాదు. స్విచ్‌బోర్డు వాసన వస్తే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్ని పిలిచేవాడు. గీజర్ మూత ఎప్పుడూ విప్పలేదు. చేతికి అందేది మనం, గోడలో ఉన్నది వాళ్ళు అనేవాడు. నాకు రిపేర్ల గురించి తెలిసింది అంతవరకే.

కింది గదిలో ఆవిడ కూతురు ఎడమవైపు తిరిగి పడుకుని ఉంది. కాన్పుకి వచ్చింది, నెలలు నిండాయి. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. ఫ్యాన్ ఆపేసి, స్టూలు మీద టేబుల్ ఫ్యాన్ పెట్టుకున్నారు. తడి వైరు దాకా వచ్చింది కాబట్టి పై ఫ్యాన్ వెయ్యొద్దని ఎలక్ట్రీషియన్ చెప్పి వెళ్ళాడట. గోడ పక్కన పుట్టబోయే బిడ్డకోసం చిన్న దోమతెర, ఉతికి మడతపెట్టిన పాత చీరలు ఉన్నాయి. రెండో గదిలో ఆవిడ అత్తగారు మంచం పట్టి ఉంది. ఆ పసిబిడ్డ వచ్చి పడుకోవలసింది ఈ గదిలోనే, ఆ మచ్చ కిందే. మరో చోటు లేదు.

మా బాత్రూమ్ గోడ సరిగ్గా ఆ గది అంచు మీదికి వస్తుంది. మొదట నేనే మొదలుపెట్టాను. హార్డ్‌వేర్ షాపులో వైట్ సిమెంటు తెచ్చి, పాత బ్రష్షుతో టైల్స్ సందులు గీకి, నింపి, ఆరనిచ్చాను. మోకాళ్ళు రెండు రోజులు పట్టేశాయి. మచ్చ ఆగలేదు.

తర్వాత యూసుఫ్‌గూడ నుంచి ప్లంబర్ వచ్చాడు. గట్టిగా మాట్లాడే మనిషి, నవ్వు ఎక్కువ. ఫ్లోరు మీద రెండు చోట్ల కొట్టి చూసి, మొత్తం టైల్స్ లేపాలి, వాటర్‌ప్రూఫింగ్ చెయ్యాలి, వారం పని అన్నాడు. నాకు వాదించే ఓపిక లేదు, అలా అని ఒప్పుకునే ధైర్యమూ లేదు. ఆలోచించి చెప్తానన్నాను.

ఆ బాత్రూమ్ వాడటం మానేసి రెండోది వాడాను. కింద మచ్చ మాత్రం పెరుగుతూనే ఉంది. ఎవరూ స్నానం చెయ్యకపోయినా నీళ్ళు దిగుతున్నాయంటే అవి ఫ్లోరు మీద పోసిన నీళ్ళు కావు, పైపులో నిలిచి ఉన్న నీళ్ళు అని అప్పుడు తోచింది. అదే ఫోన్లో చెప్తే ప్లంబర్ వెంటనే ఒప్పుకున్నాడు. "అయితే లైనే లీకు, ఫ్లోరు గాదు," అన్నాడు, మొదటినుంచీ తను చెప్పింది అదే అయినట్టు.

మా ఫ్లాట్ మొత్తానికి వాల్వ్ ఒక్కటే. పొద్దున కాసేపు తెరిచి, బకెట్లు, బిందెలు నింపుకుని కట్టేసేదాన్ని. మిగతా రోజంతా ఆ నీళ్ళే మోసుకోవడం. మచ్చ పెరగడం నెమ్మదించింది కానీ ఆగలేదు. గోడ పగలగొట్టక తప్పదు, రేపే పిలుస్తానని కిందికి వెళ్ళి చెప్పాను. ఆవిడ సంతోషిస్తుందనుకున్నాను. చీర కొంగు సర్దుకుని, కూతురికి వినపడకుండా వంటింట్లోకి తీసుకెళ్ళింది.

కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో ఉండగా గోడలు పగలగొట్టకూడదని వాళ్ళలో పట్టింపు. పని మా ఇంట్లోనే అయినా సుత్తి దెబ్బ పడేది ఆ పిల్ల నెత్తి మీద. బిడ్డ వచ్చాక అంటే, పచ్చి బాలింత తల మీద ఆ చప్పుడూ ఆ దుమ్మూ ఇంకా కుదరదు.

"దవాఖానకు పోయినంక మొదలువెట్టుర్రి అక్కా. ఇంటికి తోల్కొచ్చేలోపు అయిపోవాలె. తప్పు పట్టకుర్రి," అంది.

తప్పు పట్టలేదు. నాకు అందులో నమ్మకం లేదు. నాలుగు నెలలుగా నమ్మకం లేని పనులు చాలానే జరిపించాను. పిన్ని కొడుకు నెల నెలా వచ్చి మాసికాలు పెట్టి వెళ్తుంటే, వంటలో ఉప్పు సరిపోయిందా లేదా అన్నది తప్ప ఇంకేమీ ఆలోచించకుండా వడ్డించాను. ఇది అంతకన్నా కష్టమేమీ కాదు. సరేనన్నాను. అలా మా ఇంటి గోడ ఎప్పుడు పగలాలన్నది ఆ పిల్ల నొప్పుల మీద ఆధారపడింది.

నొప్పులు ఒక ఆదివారం మొదలయ్యాయి. లిఫ్టు దగ్గర నుంచే ఆవిడ పైకి కేకేసి చెప్పింది, పోతున్నామని. ప్లంబర్‌కి ఫోన్ చేస్తే పంజాగుట్టలో ఏదో షోరూమ్ పనిలో ఉన్నాడు. సాయంత్రం వస్తానన్నాడు. సాయంత్రం మళ్ళీ చేస్తే, సిగ్నల్ దగ్గర ఉన్నాను, పది నిమిషాల్లో వస్తానన్నాడు. తర్వాత ఎత్తలేదు. యాప్‌లో ఇంకొకరిని పిలిచాను. శుభ్రమైన యూనిఫామ్‌లో వచ్చి, చెప్పులు విడిచి, గోడ చూసి, తాము కుళాయిలు, షవర్లు బిగించడం వరకేనని, పగలగొట్టే పని చెయ్యమని మర్యాదగా చెప్పి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున ఆవిడ దవాఖాన నుంచి ఫోన్ చేసింది. ఆడపిల్ల, పెద్దాపరేషన్ అయింది, గురువారం పంపిస్తారట. "పని అయితున్నదా అక్కా?" అంది. మనిషే రాలేదని చెప్పలేకపోయాను. అవుతుందన్నాను.

ప్లంబర్ ఆ మధ్యాహ్నం వచ్చాడు. వాల్వ్ తెరిపించి, గీజర్ కింద గోడ తడుముతూ వచ్చి, చేతికి ఆసరాగా బిగించిన స్టీలు రాడ్ దగ్గర ఆగాడు. కింది స్క్రూ చుట్టూ తుప్పు చార ఉంది. చాలాసార్లు తుడిచాను దాన్ని, స్క్రూ తుప్పు అనుకుని. అతను స్క్రూని అర చుట్టు తిప్పగానే నీళ్ళు చిమ్మాయి. మళ్ళీ బిగించేశాడు.

"గీ రాడ్ ఎవలు కొట్టిన్రమ్మా?"

"మా అన్నయ్య."

"మంచిగ కొట్టిండు. సక్కగ పైపు మీదనే కొట్టిండు." నవ్వాడు. "స్క్రూనే బిరడా లెక్క కూసున్నది. లేకుంటే ఆ దినమే దొరికిపోతుండె. ఉన్నడా ఇంట్ల? పిలువుర్రి, సూపిస్త."

లేడని చెప్పాను. ఊరికి వెళ్ళాడనుకుని తలూపి, వాల్వ్ కట్టెయ్యమన్నాడు. కట్టేసి వచ్చి హాల్లో కూర్చున్నాను. సుత్తి మొదలైంది.

ఆ రాడ్ పెట్టిన రోజు నాకు బాగా తెలుసు. అన్నయ్య సోమాజిగూడ హాస్పిటల్ నుంచి రెండోసారి ఇంటికి వచ్చిన వారం. కాళ్ళలో పట్టు తప్పింది. రాడ్ తనే కొనుక్కొచ్చాడు, డ్రిల్లింగ్ మిషన్ వాచ్‌మన్ చేత తెప్పించాడు. గోడలో పని కదా, ప్లంబర్‌ని పిలుద్దామన్నాను. ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, గోడకి పెన్సిల్ గీత పెడుతూ, నావైపు చూడకుండా అన్నాడు:

"వచ్చినవాడు ఎత్తు ఎంత పెట్టాలంటాడు. ఎవరికోసం అంటాడు. చెప్పాలి కదా."

స్టూలు కదలకుండా పట్టుకున్నాను. గీజర్ నుంచి కుళాయికి పైపు నిలువుగా దిగుతుందని లెక్క వేసి, జానెడు పక్కకి జరిగి కొట్టాడు. ఆ లెక్క మామూలుగా అయితే సరైనదే. మా ఇంట్లో ఆ పైపుని మధ్యలో పక్కకి తిప్పారు. ఎందుకు తిప్పారో ప్లంబర్‌కి కూడా తెలియలేదు. ఆ రాడ్ పట్టుకుని అన్నయ్య చివరిదాకా స్నానానికి ఒక్కడే వెళ్ళగలిగాడు. ఆయన పడిపోకుండా ఆపిన స్క్రూ, ఆ నెలలన్నీ కింది వాళ్ళ గదిలోకి నీళ్ళు దించింది. ఈ రెండూ నిజమే. వీటిని కలిపి ఒక అర్థం చెప్పాలని నాకు లేదు.

చీకటి పడేలోపు ఆ ముక్క కోసేసి, కొత్త పైపు అతికించాడు. రాడ్ తీసి కమోడ్ మూత మీద పెట్టి, నన్ను పిలిచాడు.

"మళ్ల పెట్టాల్నా అమ్మా? గీ పక్కకు పెడ్త, పైపు ఈడ లేదు. ఎత్తు ఎంత పెట్టాలె? ఎవలకు?"

నాకూ అరవై దగ్గర పడుతున్నాయి, నా మోకాళ్ళూ అంత బాగా లేవు. పెట్టించుకోవడమే తెలివైన పని. కానీ అతను గోడ మీద వేలు పెట్టి, నా నడుము వైపు చూస్తూ కొలతకోసం ఆగి ఉన్నాడు. ఒక్కసారి ఆ గదిలోంచి బయటికి వెళ్ళిపోవాలనిపించింది. ఇప్పుడు వద్దన్నాను. వాడేవాళ్ళు ఎవరూ లేరని చెప్పాను. అప్పుడు అర్థమైనట్టుంది. ఇందాక నవ్విన మనిషి ఆ తర్వాత పని ముగిసేదాకా నవ్వలేదు. రాడ్‌ని గుడ్డతో తుడిచి నా చేతికిచ్చాడు.

వాల్వ్ తెరిచి రాత్రంతా వదిలాను. తెల్లారాక గోడ పొడిగా ఉంది. పగిలిన టైల్స్ వెయ్యడం అతని పని కాదట, పైపు వరకేనట. మంగళవారమంతా టైల్స్ మేస్త్రీ కోసం వెతకడానికే సరిపోయింది. మా పాత డిజైన్ ఇప్పుడు రావడం లేదని షాపుల్లో చెప్పారు. తెల్లవి తెచ్చాను. మేస్త్రీ బుధవారం వచ్చి సాయంత్రానికి అతికించి వెళ్ళాడు. సిమెంటు బస్తా మోసుకొచ్చిన దుమ్ము మెట్ల మీద కింది వాళ్ళ గుమ్మం దాకా ఉంటే, గురువారం పొద్దున నేనే తుడిచాను. మధ్యాహ్నం బిడ్డని తీసుకొచ్చారు.

మచ్చ ఆరాలి. తడి మీద రంగు వేస్తే పొరలుగా రాలిపోతుంది కాబట్టి కొన్ని వారాలు వదిలెయ్యమన్నారు. నీళ్ళు నిజంగా ఆగాయో లేదో తెలిసేది ఆ మచ్చ చూస్తేనే. రోజూ పొద్దున స్నానం కాగానే కిందికి వెళ్ళి చూసేదాన్ని. మొదట అంచులు తెల్లబడ్డాయి. తర్వాత మధ్యలో బూడిదరంగు మిగిలింది. వెళ్ళిన పని రెండు నిమిషాలే. ఆవిడ కూర్చోబెట్టి టీ ఇచ్చేది. అన్నయ్య పోయాక నేను ఇంకొకరి ఇంట్లో కూర్చుని తాగిన టీ అదే. మా ఇద్దరికీ పెద్దగా మాటలుండేవి కావు. కూతురు బిడ్డకి పాలిస్తూ అటు తిరిగి పడుకునేది. ఒకరోజు ఆవిడ బిడ్డని నా ఒడిలో పెట్టి, "నీ వల్లనే బిడ్డా, నీ అమ్మమ్మకు నిద్రలేకుండె. నీ గదిల తడి ఆపింది గీ పెద్ద అమ్మమ్మనే, మంచిగ యాద్ పెట్టుకో," అంది. కూతురు అటు తిరిగే నవ్వింది. నేనూ నవ్వాను.

ఎలక్ట్రీషియన్ వచ్చి వైరు చూసి, ఫ్యాన్ వేసుకోవచ్చన్నాడు. సీలింగ్‌కి రంగు వేశారు. బిడ్డకి మూడో నెల రాగానే కూతురు అత్తగారింటికి వెళ్ళింది. ఆ గదిలో ఇప్పుడు చూడవలసిందేమీ లేదు. పొద్దున పూట నేను కిందికి వెళ్ళడం లేదు.