ఎనిమిది పేపర్లు, ఒకే దారి

నన్నెవరైనా 'సార్' అని పిలిస్తే ఈ వయసులోనూ ఒళ్ళు మండుతుంది. ఒకే ఒక్క సార్ వల్ల ఆ మాట మీదే రోత పుట్టింది. ఆయన పేరు రాయను. పేరు రాస్తే పదిమందికీ గుర్తుంటాడు. అంత భాగ్యం ఆయనకు నా చేతుల మీదుగా దక్కకూడదు.

ఎనభైల నడుమ నేను పాల్వంచలో షిఫ్టు పనికి పోయేవాడిని. బడిలో చదివింది ఐదో తరగతి. లెక్కలు మాత్రం సొంతంగా నేర్చుకున్నాను. ఖమ్మం బస్టాండు దగ్గర పల్లీలమ్మే మనిషి పొట్లాల కోసం ఒక బీజగణితం పుస్తకాన్ని చించుతుంటే, మిగిలిన ముక్కను బతిమాలి కొనుక్కున్నాను. వర్గ సమీకరణాల పాఠం అప్పటికే పల్లీలతో పాటు ఎవరెవరి చేతుల్లోకో పోయింది. లెక్కలు మిగిలాయి, చివరి పేజీల్లో జవాబులు మిగిలాయి, నడుమ దారి లేదు. షిఫ్టు దిగి వచ్చి తల బద్దలు కొట్టుకుని, చివరికి నా దారి నేనే వేసుకున్నాను.

రెండు సంఖ్యలున్నాయి. కలిపితే పది, గుణిస్తే ఇరవై ఒకటి. అవేవి? నేను పదిలో సగం దగ్గర, అంటే ఐదు దగ్గర నిలబడతాను. ఐదైదులు ఇరవై ఐదు. కావలసినదానికంటే నాలుగు ఎక్కువ. నాలుగంటే రెండు రెళ్ళు. అందుకని ఐదు నుంచి అటు రెండడుగులు, ఇటు రెండడుగులు వేస్తాను. ఏడు, మూడు. ఇంతే.

ఆ ఏడాది ఎండల్లో, మా వీధిలో ఉండే హాస్టల్ వార్డెన్ నా దగ్గరికి వచ్చాడు. వాళ్ళ కాలేజీలో మొదటి సంవత్సరం లెక్కల్లో తప్పిన పిల్లలు ఎనిమిదిమంది ఉన్నారట. జూన్‌లో కాలేజీ వాళ్ళకు మళ్ళీ పరీక్ష పెడుతుందట. నెగ్గితే రెండో సంవత్సరం, లేకపోతే పేరు కొట్టేసి హాస్టల్ ఖాళీ చేయిస్తారట. వేసవిలో పాఠం చెప్పడానికి లెక్చరర్ రానన్నాడట. "నువ్వన్న చెప్పరాదే, పుణ్యముంటది" అన్నాడు వార్డెన్. చర్చి వెనకాల రేకుల షెడ్డు ఇప్పించాడు.

అందరూ దుమ్ముగూడెం వైపు అడవి పల్లెల పిల్లలు, ఆశ్రమ పాఠశాలల్లో చదివి వచ్చినవాళ్ళు. మొదటిరోజు అడిగాను: "లెక్కల పీరియడ్‌ల మీకు ఏం చెప్పేటోళ్ళు?"

"కట్టెలకు పంపేటోళ్ళు కాకా" అంది ఒక అమ్మాయి. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మరి పదో తరగతి ఎలా గట్టెక్కారంటే, లెక్కను పద్యంలా కంఠతా పట్టారు. 'కావున' నుంచి 'అని నిరూపితమైనది' దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవారు. అందులో ఒక్క అంకె మార్చి అడిగితే నోరు మూతపడేది. ఎక్కాలే రాని పిల్లలకు సూత్రాలు చెప్పి ఏం లాభం? నా దారే నేర్పాను. రేకుల కింద కూర్చుంటే నెత్తి మాడిపోయేది. ఎండ ఎక్కకముందే మొదలుపెట్టి, మధ్యాహ్నం తడిగుడ్డలు నెత్తిన వేసుకుని సాగించేవాళ్ళం. "నడిమిట్ల నిలబడాలె" అని నేనంటే, "అటింత ఇటింత జరగాలె" అని వాళ్ళనేవారు.

ఆకు సీజన్ అది. బీడీ ఆకు కోతకు ఊళ్ళకు ఊళ్ళే అడవిలో ఉంటాయి. కట్టెల మాట చెప్పిన ఆ అమ్మాయి తల్లి ఒకరోజు బస్సెక్కి వచ్చి షెడ్డు ముందు నిలబడింది.

"ఇంటిల్లిపాది ఆకుకు పోతాంటే దొరసాని ఈడ కూసున్నదా?"

"ఒక్క పరీచ్చ అమ్మా. పాసైతే మళ్ళ అడగను."

"కాకుంటే?"

"కాకుంటే ఆకుకే వస్త. సదువు మాట ఎత్తను."

"మీ కాక ముంగట అంటన్నవ్. యాదుంచుకో" అని తల్లి వచ్చిన బస్సుకే తిరిగిపోయింది.

లెక్చరర్ కూడా ఒకసారి వచ్చాడు, స్కూటర్ మీద, వేడుక చూడ్డానికి. బోర్డు వైపు చూసి పెదవి విరిచాడు. "ఇప్పపూలు లెక్కపెట్టుకోవడానికి మీకు ఆల్జీబ్రా దేనికే?" అన్నాడు ఆ అమ్మాయితో.

"ఇప్పపూలు లెక్కపెట్టం సార్. గంపతోని కొలుస్తం" అంది ఆమె, నిజంగానే ఆయనకు తెలియదేమోనని చెప్పినట్టు.

వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. ఆ నవ్వును ఆయన మరిచిపోడని, స్కూటర్ తన్నిన తీరులోనే నాకు అర్థం కావలసింది.

జూన్ పరీక్షలో ఎనిమిదిమందీ నెగ్గేలా రాశారు. పిల్లలు వచ్చి జవాబులు చెబితే నేను సరిచూశాను. వాళ్ళ కంటే నేనే ఎక్కువ ఎగిరాను. మరునాడు వార్డెన్ మొహం వేలాడేసుకుని వచ్చాడు. కాపీ కొట్టారని పేపర్లు పక్కన పెట్టారట.

పిల్లల్ని వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ గదికి పోయాను. బల్ల మీద ఎనిమిది పేపర్లు పరిచి ఉన్నాయి. లెక్చరర్ వాటిని వేలితో పొడుస్తూ చెబుతున్నాడు.

"చూడండి సార్. పుస్తకంలో లేని పద్ధతి. ఎనిమిదిమందీ అదే. 'నడిమిట్ల నిలబడాలె' అని మాటలతో సహా అదే. ఒకడు రాశాడు, ఏడుగురు దించారు."

"నేను నేర్పిన, అందుకే ఒక్క తీరుంది" అన్నాను. "జవాబులు కరెక్టే గద?"

"కరెక్టు కాబట్టే కదండీ అనుమానం" అన్నాడాయన.

ప్రిన్సిపాల్ నన్ను కిందికీ పైకీ చూశాడు. "మీరేం చదివారు?"

"ఐదో తరగతి."

లెక్చరర్ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "ఐదో తరగతి ఆయన రెండు నెలల్లో నేర్పేస్తే, ఏడాదంతా మేం చేసిందేంటి సార్?" అన్నాడు నెమ్మదిగా. ఆ మాటతో ప్రిన్సిపాల్ నా వైపు చూడటం మానేశాడు.

"అయితే ఇక్కడే చేయించండి" అని పట్టుబట్టాను. సరేనన్నారు. లెక్చరర్ ఆ అమ్మాయినే ముందుకు పిలిచాడు. "కలిపితే ఆరు, గుణిస్తే పది. చెయ్యి."

ఆమె గోడ మీది బోర్డు దగ్గరికి పోయి సుద్దముక్క తీసుకుంది. ఆరులో సగం మూడు దగ్గర నిలబడింది. మూడు మూళ్ళు తొమ్మిది అని రాసి ఆగిపోయింది. చాలాసేపు బోర్డును చూసింది. తర్వాత ఇటు తిరిగింది.

"సార్, నడిమిట్ల ఉంటేనే తొమ్మిదైతాంది. పక్కకు జరిగితే ఇంకా తగ్గుతది. పది ఎన్నటికి గాదు. గసువంటియి లేవు సార్."

నా గుండె పొంగింది. నేను నేర్పని మాట అది. తనంతట తను కనుక్కుంది.

"ఆగిపోయింది సార్" అన్నాడు లెక్చరర్.

"ఆగిపోవుడేంది? లేవు గాబట్టి లేవన్నది!" అని అరిచాను.

ప్రిన్సిపాల్ లెక్కల మనిషి కాదు. "ఉన్నాయా, లేవా?" అని లెక్చరర్‌నే అడిగాడు.

"ఉన్నాయి సార్. ముందు ముందు వస్తాయి. వీళ్ళకు చెప్పినా అర్థం కాదు."

ఎనిమిది పేర్లూ కొట్టేశారు. సాయంత్రానికి హాస్టల్ ముందు రేకు పెట్టెలు వరసగా బయటపడ్డాయి. బస్సెక్కేటప్పుడు ఆ అమ్మాయి అడిగింది: "నిజంగ ఉన్నయా కాకా?"

"లేవు బిడ్డా. పచ్చి అబద్ధం" అన్నాను.

కొన్నేళ్ళకు ఇంకో పాత పుస్తకం దొరికింది, ఈసారి ఏ పేజీ చిరగనిది. ఆ రెండు సంఖ్యలూ అందులో ఉన్నాయి. కల్పిత సంఖ్యలట, మైనస్ ఒకటికి వర్గమూలం ఉందనుకుని పేరు పెట్టుకున్నవి. కలిపితే ఆరు, గుణిస్తే పది అయ్యేవి శుభ్రంగా అచ్చయి ఉన్నాయి. ఆయన అబద్ధం చెప్పలేదు. పిల్లలకు ఎన్నడూ చెప్పని పాఠంలోంచి ఒక నిజం తీసి కత్తిలా ఆమె గొంతు మీద పెట్టాడు. అబద్ధమాడి ఉంటే ఈపాటికి క్షమించేవాడినేమో.

ఆ పుస్తకం దొరికిన ఏడాది ఎండల్లోనే ఆ అమ్మాయి ఊరికి పోయాను. ఆమె ఆకు ఆరబెట్టే కల్లంలో ఉంది. చెంగు నెత్తికి చుట్టుకుని ఆకు కట్టలు ఎండబెడుతోంది. పుస్తకం తెరిచి చూపించి, మొదటినుంచీ చెప్పాను. పని ఆపకుండానే విన్నది.

"అంటే లేనియాటికి గూడ పేరు పెట్టుకున్నరన్నట్టు" అంది.

"అవ్."

"ఉన్న ఎనిమిదిమంది పేర్లు మాత్రం కొట్టేసిన్రు."

కల్లం అవతలి నుంచి తల్లి కేక వేసింది: "ఎవరే గాయన?"

"ఎవరో సార్" అని చెప్పి, ఆమె ఇంకో కట్ట తిరగేసింది. నన్ను కూర్చోమనలేదు.