కొండదారిలో చిన్నత్త సైకిల్

నా చిన్నప్పుడు రాజపాళయం నుంచి పడమటి కొండల వైపు పోయే దారిలో పొద్దున్నే సైకిల్ తొక్కుకుంటూ వెళితే, సైకిల్ చైను చప్పుడు తప్ప ఇంకేమీ వినబడేది కాదు. అయ్యనార్ కోయిల్‌కు మొక్కు తీర్చుకోవడానికి పోయే ఎడ్లబండి ఒకటి ఎప్పుడైనా ఎదురయ్యేది. లేదంటే తోపుల్లో కాపలా ఉండేవాళ్లు నడిచి వస్తూ కనిపించేవాళ్లు. ఇప్పుడు ఆదివారం వచ్చిందంటే అదే దారిలో వ్యాన్లూ బైకులూ ఏటి స్నానాలకు బారులు తీరుతున్నాయి. అయినా ఆ మలుపుల దగ్గరికి వెళ్లినప్పుడల్లా నాకు మా చిన్నత్త వీపే కళ్ల ముందుకు వస్తుంది. ఆ దారిని నేను ఎక్కువగా ఆమె వెనక కూర్చునే చూశాను మరి.

చిన్నత్త మా నాన్నకు ఆఖరి చెల్లెలు. స్కూలు చదువు ముగించి, సంబంధాలు చూస్తున్న రోజుల్లో ఇంట్లో ఉండేది. ఆమెకు సైకిల్ కొనిచ్చింది మా తాతయ్యే. మా వీధిలో ఆడపిల్ల సైకిల్ ఎక్కడం అదే మొదలు. బంధువుల్లో నలుగురు నాలుగు రకాలుగా అన్నా ఆయన చెవిన పెట్టలేదట. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని, కూతురు వీధి చివర మలుపు తిరిగి వచ్చేదాకా చూస్తూ ఉండేవాడు. నేను మొదట ఎరిగిన తాతయ్య ఆయనే. అది మరచిపోయి మిగిలింది చెబితే ఆయనకు అన్యాయం చేసినట్టవుతుంది.

కొండల కింద మాకు ఒక మామిడి తోపు ఉండేది. పొద్దున ఎండ ముదరక ముందే అక్కడికి వెళ్లి కాయ ఎట్లా ఉందో చూసి రమ్మని తాతయ్య చిన్నత్తను పంపేవాడు. ఆమె నన్ను వెనక ఎక్కించుకునేది. ఊరు దాటగానే చెరువు వచ్చేది. అక్కడి మా తెలుగువాళ్లు కూడా దాన్ని తమిళంలోలాగా కణ్మాయి అనేవారు. కట్ట పక్కనే దారి. నీళ్ల మీద పొగలాగా మంచు, దాని అవతల నీలంగా కొండలు. కొంగలు మమ్మల్ని చూసి లేచేవి కావు, సైకిల్ అంత మెల్లగా పోయేది. చిన్నత్త బెల్లు కొట్టేది కాదు, నన్ను మాట్లాడనిచ్చేదీ కాదు. ఊరకుండి వినమనేది. మొదట్లో నాకు విసుగ్గా ఉండేది. కొన్ని వారాలు పోయాక, చెట్టు చెట్టుకూ గాలి చప్పుడు వేరుగా ఉంటుందని నాకే తెలిసింది. చింతచెట్ల కింద ఒక రకం, వెదుళ్లలో ఇంకొక రకం. నా పిల్లలకు ఆ మాట చెబితే నవ్వారు. అది చెబితే తెలిసేది కాదు.

ఒక వేసవి రోజు తోపు చూడడం తొందరగా అయిపోయింది. ఇంకా చల్లగానే ఉంది. అడవి లోపల ఇంకొక చెరువు ఉందని, చిన్నప్పుడు తాతయ్యతో బండిలో వెళ్లి చూశానని చిన్నత్త చెప్పింది. పోదామా అని నన్ను అడిగింది. పెద్దవాళ్లు ఎవరూ నన్ను అట్లా ఏదీ అడిగేవాళ్లు కాదు. నేను వెంటనే తల ఊపాను.

తోపులు అయిపోయాక దారి రెండు వైపుల నుంచీ చెట్లు పైన కలుసుకున్నాయి. పిల్లి అంత పెద్ద ఉడుత ఒకటి మా తల మీదుగా ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు దూకింది. ఏటవాలులో చిన్నత్త పెడల్ తొక్కడం ఆపేసి సైకిల్‌ను దాని మానాన వదిలింది. ఆమె జడ ఎగిరి నా ముఖానికి తగిలింది. మామిడి జీడి వాసన, తడి ఆకుల వాసన. చెరువు చేరేసరికి నీళ్లు కదలకుండా ఉన్నాయి, కొండ మొత్తం అందులో తలకిందులుగా ఉంది. చిన్నత్త గట్టు మీద కూర్చుని ఆ నీళ్లకేసి చూసింది. పెళ్లి అయిపోతే ఇట్లా రావడానికి ఉంటుందో లేదో అని ఒకసారి అంది. నాకు అప్పుడు అది అర్థం కాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు, ఒక మలుపులో, ఏనుగు.

ఆడ ఏనుగు, దాని పొట్ట కింద గున్న. దారికి అడ్డంగా నిలబడి ఉన్నాయి. చిన్నత్త బ్రేకు పట్టి, కాలు కింద పెట్టి, నన్ను మెల్లగా దింపి తన వెనక్కి లాక్కుంది. సైకిల్‌ను చప్పుడు కాకుండా నేల మీద పడుకోబెట్టింది. నేను ఏడవబోయాను. ఆమె నా చేయి నొక్కి పట్టి, పెదవులు కదిపీ కదపకుండా, ఊరకుండమని అంది:

"సుమ్మా ఉండు పాపా. అది దాని బిడ్డకు ఏమైతుందో అని బయపడుతుండాది. మనము కదలకపోతే పోతుంది."

ఆ తల్లి చెవులు విప్పి మా వైపు ఒక అడుగు వేసింది. చిన్నత్త కదలలేదు. నేను ఆమె పావడా అంచు పిడికిట్లో పట్టుకుని కళ్లు మూసుకున్నాను. ఎంతసేపో చెప్పలేను. వెదుళ్లు విరుగుతున్న చప్పుడు దూరమైన తరువాత కళ్లు తెరిస్తే దారి ఖాళీగా ఉంది. అప్పుడు చిన్నత్త దారి పక్కన కూలబడి, ఓణీ కొంగుతో ముఖం మూసుకుని ఏడ్చింది, అందులోనే నవ్వింది.

ఇంట్లో చెప్పవద్దంటుందని నేను అనుకున్నాను. ఊరు దగ్గర పడ్డాక నేనే ఆ మాట అడిగాను. దాచేదేమీ లేదని, నాయనకు తానే చెబుతానని ఆమె అంది. ఆమె ఆయన నుంచి ఏదీ దాచేది కాదు. ఆయన దగ్గర ఏదైనా చెప్పవచ్చుననే ధైర్యం ఆమెకు ఉండేది.

చెప్పింది. తోపు దాటి పోయామని, చెరువు చూశామని, ఏనుగు ఎదురైందని, వరుసగా అన్నీ చెప్పింది. తాతయ్య ముఖం పాలిపోయింది. మొదట నన్ను దగ్గరికి తీసుకుని తల నుంచి కాళ్ల దాకా తడిమి చూశాడు. ఆ తరువాత ఆ భయమంతా కోపమైంది. ఇక సైకిల్ ముట్టుకోవద్దన్నాడు. ఆ సాయంత్రమే దాన్ని మంసాపురంలో ఉన్న బంధువుల ఇంటికి పంపించేశాడు. బండిలో సైకిల్ ఎక్కిస్తుంటే చిన్నత్త గుమ్మం దగ్గర నిలబడి చూసింది. ఎదురు చెప్పలేదు. బండి కదిలాక మాత్రం ఒక్కటి అడిగింది:

"నాయనా, నేను అబద్దం చెప్పింటే సైకిల్ ఉండునా?"

తాతయ్య లోపలికి వెళ్లిపోయాడు.

మరుసటి సంవత్సరం ఆమెకు పెళ్లయి తిరునెల్వేలి వెళ్లింది. పండగలకు వచ్చేది, నవ్వేది, నాకు రిబ్బన్లు తెచ్చేది. ఎట్లా ఉన్నావమ్మా అని తాతయ్య అడిగితే "బాగుండాను నాయనా" అనేది. ఎప్పుడు అడిగినా అదే మాట. మనిషి చిక్కిపోతూ ఉన్నా అదే మాట. రొమ్ములో గడ్డ ఉందని ఆమెకు చాలా కాలంగా తెలుసట. అత్తవారింట్లో వాళ్లకే ఆలస్యంగా చెప్పింది. మాకు తెలిసేసరికి మదురైలో పెద్ద డాక్టరు కూడా చేయగలిగింది ఏమీ లేకపోయింది. నేను అప్పుడు కాలేజీలో చదువుతున్నాను. చివరి రోజుల్లో ఒకసారి ఆమె పక్కన కూర్చుంటే, ఆ చెరువులో నీళ్లు ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాను. నిజానికి నేను వెళ్లి చూసి చాలా ఏళ్లయింది.

కర్మలన్నీ అయిన తరువాత ఒక మధ్యాహ్నం తాతయ్య నన్ను పిలిచి అరుగు మీద కూర్చోబెట్టాడు. ఇంట్లో అందరూ ఆమె విధి అంటున్నారు, జబ్బు అంటున్నారు. ఆయన అట్లా అనలేదు. వీధి చివర మలుపు వైపు చూస్తూ, నా వైపు తిరగకుండానే అన్నాడు:

"నిజము చెప్పితే ఏమైతుందో ఆ దినము నేనే దానికి నేర్పిచ్చినాను అమ్మణ్ణీ. అది బాగా నేర్చుకున్నాది."

నేను కాదని చెప్పడానికి చూశాను. ఒక సైకిల్‌కూ ఈ జబ్బుకూ ఏం సంబంధమని అన్నాను. ఆయన నా మాట కాదనలేదు, ఒప్పుకోనూ లేదు. ఏనుగు ఎదురైన రోజున ముందు "వచ్చి చెప్పినావు, మంచిది" అని ఒక మాట అని ఉండాల్సిందని, కోపం కావాలంటే మరుసటి రోజు పడి ఉండవచ్చని అన్నాడు. ఆయన భయం తప్పని నేను ఈనాటికీ అనుకోను. ఆ తల్లి ఏనుగుకు ఉన్న భయమే అది. సైకిల్ ఉంటే చిన్నత్త బతికేదా అంటే, అదీ నాకు తెలియదు. కానీ ఆమె అన్నీ వచ్చి చెప్పుకునే ఒక మనిషిని ఆ సాయంత్రం పోగొట్టుకుంది. ఆయన అన్నీ చెప్పే కూతుర్ని పోగొట్టుకున్నాడు. అది ఇద్దరికీ తెలుసు. ఒకరితో ఒకరు ఆ మాట అనుకోకుండానే వెళ్లిపోయారు.

నాకు ఇద్దరు పిల్లలు, ఇప్పుడు మనవలూ ఉన్నారు. నేను శాంతమూర్తిని కాను. మా పెద్దవాడు చదువు మానేస్తానని వచ్చి చెప్పిన రోజు నా నాలుక చివరిదాకా ఏమేమి వచ్చాయో నాకే తెలుసు. మొన్న మనవరాలు, చెప్పకుండా ఎక్కడికి వెళ్లిందో, ఎవరితో వెళ్లిందో, తనంతట తానే వచ్చి నాకు చెప్పింది. కసురుకోబోయి ఆగాను. ఒకసారి ఊపిరి పీల్చుకుని, నాకు చెప్పినందుకు మంచిదమ్మా అన్నాను. తరువాత అడగాల్సినవి అడిగాను. ఆ ఒక్క మాట ముందు అనడం నేను ఇద్దరు మనుషుల దుఃఖం నుంచి నేర్చుకున్నాను. వాళ్లిద్దరికీ మాత్రం అది పనికి రాకుండా పోయింది.