కప్పు కూలిందన్న మెసేజి

గోదావరిఖనిలో వాట్సాప్ గ్రూపులకు మూలపురుషుణ్ణి నేనే. పదో తరగతిలో నేను బడి మానేస్తే హెడ్మాస్టరు వారం రోజులు అన్నం ముట్టలేదు. నమ్మకపోతే మీ ఇష్టం. మా పక్క క్వార్టరు ముత్యం కాకకు "మన ఇల్లు" అనే గ్రూపు పెట్టింది కూడా నేనే. ఆయన కొడుకు భూపాల్ కొత్తగూడెంలో బొగ్గుబాయి పని చేస్తాడు. దిగేముందు ఒక ఫోటో, ఎక్కాక ఒక ఫోటో గ్రూపులో పెడతాడు. ఆ రెండింటి మధ్య కాక ఫోనును వదలడు.

"కాకా, కోడి గుడ్డు మీద కూసున్నట్టు కూసున్నవ్. పిల్లయితే నాకియ్యి" అని ఏడిపిస్తుంటాను.

ఆ మధ్యాహ్నం గాలివాన. భూపాల్ భార్య మమత నుంచి కాకకు వాయిస్ మెసేజి వచ్చింది: "మామా, కప్పు కూలింది. నేను ఆడికే ఉరుకుతున్న."

అంతే.

రిటైరయ్యేదాకా కాక చేసిన పని, బాయిలో నెత్తి మీది కప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టడం. ఆయన దగ్గర ఆ మాటకు ఒకటే అర్థం.

మమత ఫోను కలవలేదు. భూపాల్ ఫోను మోగుతోంది, ఎత్తేవాళ్ళు లేరు. బాయిలోకి ఫోను తీసుకుపోనివ్వరు. పైనే పెట్టి దిగాలి.

"సదానందం, ఎవలనన్న అడుగురా. జల్ది!"

"ఫికర్ జెయ్యకు కాకా. కొత్తగూడెం సగం నా ఫేస్‌బుక్కులనే ఉన్నది."

అందరికీ మెసేజి పెట్టాను. ఒక్కడూ పలకలేదు. చివరికి ఒకడు రెండు చేతులు జోడించిన బొమ్మ పంపాడు.

"గదేందిరా? దండమెందుకు పెట్టిండు?" కాక నా చేతిలోంచి ఫోను లాక్కున్నాడు.

నా నోటికి అబద్ధం దొరకకపోవడం అదే మొదలు.

అప్పుడు మమత వీడియో కాల్ వచ్చింది. తలంతా తడిసి ఉంది.

"మామా, సిగ్నల్ పోయింది. మా అవ్వ వంటింటి కప్పు పడ్డది. పెంకులన్నీ పలిగినయ్. అవ్వకేం గాలే."

కాక గోడకు ఆనుకున్నాడు. "పెంకులు పడ్డయనాలె గదనే! బాయిపనోని ఇంట్ల కప్పు కూలిందంటవా బిడ్డా?"

"అయ్యో, నాకు తట్టలే మామా! ఆయన డ్యూటీల ఉన్నడు. మంచిగనే ఉంటడు."

ఆ "ఉంటడు" కాకకు చాలలేదు. షిఫ్టు వదిలేదాకా అరుగు మీంచి లేవలేదు. చాయ్ తెచ్చిస్తే తాగకుండా చల్లారనిచ్చాడు. నేను చెప్పిన జోకులు నాకే నవ్వు తెప్పించలేదు.

ఫోను మోగింది. తెరనిండా భూపాల్ మసి మొహం.

"ఏందే నాయినా, గిన్ని కాల్స్ జేసినవ్?"

"ఊకెనేరా. తిన్నవా?" కాక కళ్ళు చికిలించాడు. "ఫోను జర దూరం వట్టు. ఇంక దూరం. కాళ్ళు గూడ సూపియ్యి."