ముఖం చూడని కానుక

బిష్కెక్ నగరంలో ఏ కుట్టు కార్ఖానాలో చూసినా బూరుల్ లాంటి మనిషి ఒకతె ఉంటుంది. నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, ముంజేత్తో పెదవులు తుడుచుకుంటుంది. కడుపుతో ఉన్నప్పుడు యజమానురాలు జూరా పూసుకునే సెంటు వాసనకే బూరుల్‌కి వాంతి వచ్చేది. దాన్నీ అలాగే మింగేది. కాన్పు సెలవు అయ్యాక మళ్ళీ పనిలో చేరడం అనుమానమే. ఆ సంగతి ఎప్పుడు చెప్పాలో ఇంట్లో ఆమెకు తప్ప అందరికీ తెలుసు. సెలవు జీతం చేతికొచ్చాక చెప్పమన్నాడు మొగుడు. "జూరా పాప ముఖం చూడ్డానికి ఉత్త చేతుల్తో రాదుగా. కానుక పెట్టనీ, తర్వాత చెబుదువుగాని," అంది అత్త. ఆ లెక్కలు వింటుంటే బూరుల్‌కి చల్లారిన గొర్రె కొవ్వు నాలుక మీద పేరుకున్నట్టుండేది.

నలభై రోజులు నిండాక జూరా వచ్చింది. మొదటిసారి చూసేవాళ్ళు కానుక పెట్టేదాకా పాప ముఖం మీద గుడ్డ తియ్యకూడదని అక్కడి ఆచారం. టీ తాగుతూ, "నీ మిషను మీద ఎవర్నీ కూర్చోనివ్వలేదే తల్లీ. నువ్వు మా ఇంటిపిల్లవి," అంది. సంచిలోంచి వెండి మురుగులు తీసి, పాప ముఖం మీది గుడ్డ వైపు చెయ్యి చాపింది.

బూరుల్ గుడ్డ అంచు గట్టిగా పట్టుకుంది. "ముందు ఒక్క మాట విను జూరక్కా. సెలవయ్యాక నేను రాకపోవచ్చు."

ఈసారి పెదవులు తుడుచుకోలేదు.

మురుగులు కాసేపు గాలిలో ఆగి, మళ్ళీ సంచిలోకి వెళ్ళిపోయాయి. "నిద్రపోతున్నట్టుంది, లేపకు. ఇంకోసారి చూస్తాలే," అంటూ జూరా లేచింది.

తలుపు మూశాక అత్త అంది: "ముఖం చూపించాక చెబితే నీ సొమ్మేం పోయేదే?"

బూరుల్ గుడ్డ తీసింది. పాప మేలుకునే ఉంది.